లండన్‌ను అడిగే పార్టీ గ్లాస్గోకి ఏమిచ్చింది?

స్కాట్లాండ్‌కి చదువుకోవడానికి వచ్చిన తెలుగు విద్యార్థికి ఇక్కడ ఓటు ఉంది. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. భారతదేశం కామన్వెల్త్ సభ్యదేశం కాబట్టి, వీసా మీద ఉన్న భారతీయులు కూడా బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. స్కాట్లాండ్ ఇంకొంత ముందుకు వెళ్లింది. 2020లో ఇక్కడి పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, ఏ దేశ పౌరులైనా సరే, చట్టబద్ధంగా ఇక్కడ నివసిస్తుంటే స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లోనూ, స్థానిక పాలన చూసే కౌన్సిళ్ల ఎన్నికల్లోనూ ఓటు వేయవచ్చు. పదహారేళ్లు నిండితే చాలు. శరణార్థులుగా గుర్తింపు పొందినవారికీ ఆ హక్కు ఉంది. ఈ నేల మీద ఎవరు బతుకుతున్నారో వాళ్లే ఈ నేల మనుషులు అన్న ఆ నమ్మకమే నన్ను స్కాటిష్ నేషనల్ పార్టీలోకి, అంటే ఎస్‌ఎన్‌పీలోకి, తీసుకువచ్చింది. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని కోరుకునేవాళ్లలో నేనూ ఉన్నాను. ఇది ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ఇక రాయబోయేది చాలావరకు మా పార్టీ మీద నాకున్న అభ్యంతరమే.

లండన్ చేతిలో ఉన్న అధికారం స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాకి రావాలని మేము అడుగుతాం. దూరాన కూర్చున్నవాళ్లకు ఇక్కడి అవసరాలు తెలియవని చెబుతాం. ఆ మాట నిజం. అయితే 2007 నుంచి ఎడిన్‌బరాలో ప్రభుత్వాన్ని నడుపుతున్నది మేమే. ఇన్నేళ్లలో అక్కడి నుంచి కింద ఉన్న 32 కౌన్సిళ్లకు చేరిన అధికారం ఎంత అని అడిగితే మా దగ్గర గట్టి జవాబు లేదు. పైగా వాటి చేతిలో ఉన్నదే కొంత వెనక్కి తీసుకున్నాం. స్కాట్లాండ్‌లో ప్రజాసేవలు ఎక్కడ బలహీనపడ్డాయో వెతుక్కుంటూ వెళ్తే, ఎక్కువసార్లు నేను వచ్చి ఆగేది ఇక్కడే.

ఇంటింటి ప్రచారం చేసేవాళ్లకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కరలేదు. నేను తిరిగేది గ్లాస్గో దక్షిణ భాగంలో. పాత ఇసుకరాయి భవనాలు, నాలుగేసి అంతస్తులు, అందరికీ ఒకటే మెట్లదారి. బజర్లు నొక్కితే ఎవరో ఒకరు కింది తలుపు తెరుస్తారు. పై అంతస్తు దాకా ఎక్కి, దిగుతూ ఒక్కో తలుపూ తడతాం. మా చేతిలోని కరపత్రం స్వాతంత్ర్యం గురించి, లండన్ బడ్జెట్ గురించి చెబుతుంది. తలుపు తెరిచినవాళ్లు చెత్త గురించి చెబుతారు. పెరట్లో పేరుకున్న పాత పరుపులు, ఎలుకలు, రోడ్డు మీద గుంతలు, పనివేళలు తగ్గిపోయిన గ్రంథాలయం. బడిలో ప్రత్యేక శ్రద్ధ కావలసిన బిడ్డకు తోడుగా ఉండే సహాయకురాలిని తీసేశారని ఒక తల్లి చెబుతుంది. అమ్మకు స్నానం చేయించడానికి వచ్చే మనిషి పావుగంట కూడా ఉండలేకపోతోందని ఒక కొడుకు చెబుతాడు. వీటిలో దాదాపు ప్రతిదీ కౌన్సిల్ చేయవలసిన పని. 2014 ప్రజాభిప్రాయ సేకరణలో స్వాతంత్ర్యానికి ఓటేసిన 44.7 శాతంలో ఉన్న ఇల్లయినా, వద్దన్న 55.3 శాతంలో ఉన్న ఇల్లయినా, వినిపించే మాటలు ఇవే.

స్కాటిష్ పార్లమెంటు వల్ల ఒరిగిందేమీ లేదనేవాళ్లతో మాత్రం నేను ఏకీభవించను. 1997లో 74.3 శాతం మంది కోరి తెచ్చుకున్న పార్లమెంటు అది. 1999లో మొదలై మూడేళ్లు తిరగకముందే, లేబర్, లిబరల్ డెమోక్రాట్ల సంకీర్ణ ప్రభుత్వం వృద్ధులకు వ్యక్తిగత సంరక్షణను ఉచితం చేసింది. స్నానం, దుస్తులు మార్చడం, అన్నం తినిపించడం లాంటి సాయానికి 65 ఏళ్లు దాటినవారి దగ్గర డబ్బు తీసుకోకూడదని 2002లో అమల్లోకి తెచ్చారు. ఇంగ్లండ్‌లో ఈనాటికీ అది లేదు. డండీ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడిన ఫ్రాంక్ కోపెల్‌కు అరవై నిండకముందే మతిమరుపు వ్యాధి వచ్చింది. వయసు చాలలేదన్న కారణంతో ఆయనలాంటివారికి ఈ సాయం అందకపోవడం అన్యాయమని ఆయన భార్య అమాండా ఏళ్ల తరబడి పోరాడారు. 2019లో ఆ వయసు నిబంధన పోయింది. 2011 నుంచి ఇక్కడ మందుల చీటీకి రుసుము లేదు. 2022 జనవరి 31 నుంచి 22 ఏళ్లలోపు వారందరికీ బస్సు ప్రయాణం ఉచితం. ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలూ ఆ కార్డుతోనే తిరుగుతున్నారు.

అన్నిటికంటే నేను గర్వపడేది స్కాటిష్ చైల్డ్ పేమెంట్ గురించి. తక్కువ ఆదాయమున్న కుటుంబాల్లో ఒక్కో బిడ్డకు వారానికి 10 పౌండ్లతో 2021లో మొదలైంది. 2022 నవంబరుకి 25 పౌండ్లయింది, పదహారేళ్లలోపు పిల్లలందరికీ విస్తరించింది. ఇద్దరు బిడ్డలకు మించితే ఇవ్వం అని అప్పట్లో లండన్ పెట్టిన నిబంధన దీనికి ఎన్నడూ లేదు. 2023-24 లెక్కల్లో స్కాట్లాండ్‌లో పేదరికంలో ఉన్న పిల్లలు 22 శాతం, బ్రిటన్ మొత్తం మీద 31 శాతం. మేము పెట్టుకున్న 18 శాతం లక్ష్యం అందలేదు, ఆ లోటు చిన్నది కాదు. కానీ ఆ తొమ్మిది శాతం తేడా వెనుక ఉన్నది వేల వంటిళ్లు. వీసా మీద ఉన్న మన కుటుంబాలకు మాత్రం ఈ సాయం అందదు, ఎందుకంటే ప్రభుత్వ సహాయ నిధులు పొందరాదని లండన్ వీసా మీదే షరతు రాస్తుంది. పన్ను కడతాం, ఆరోగ్య సేవకోసం ఏటా 1,035 పౌండ్ల అదనపు రుసుమూ కడతాం, అయినా కష్టం వస్తే ఆ తలుపు మూసే ఉంటుంది. వలస విధానం స్కాట్లాండ్ చేతిలో ఉండాలని నేను అడిగేది ఇందుకే.

పన్ను మాట వచ్చింది కాబట్టి దాని గురించి కూడా చెప్పాలి. ఎడిన్‌బరా బ్యాంకుల్లో, గ్లాస్గో సాఫ్ట్‌వేర్ సంస్థల్లో పనిచేసే తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా సంభాషణ జీతం చీటీ దగ్గరికి వస్తుంది. ఇంగ్లండ్‌లో 40 శాతం పన్ను 50,270 పౌండ్ల దగ్గర మొదలవుతుంది. ఇక్కడ 43,662 దాటగానే 42 శాతం. ఆ రెండు అంకెల మధ్య సంపాదించే ప్రతి పౌండులోనూ సామాజిక బీమా కింద జీతంలో కోసే నేషనల్ ఇన్సూరెన్స్ 8 శాతం కూడా కలిపితే సరిగ్గా సగం పోతుంది. 50 వేల జీతం ఉన్నవారు ఇంగ్లండ్‌లో ఉండే స్నేహితుడి కంటే ఏడాదికి దాదాపు 1,500 పౌండ్లు ఎక్కువ కడుతున్నారు. మాంచెస్టర్‌కి వెళ్లిపోతే పోలేదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. నేను ఆ పన్ను ఇష్టపూర్వకంగానే కడతాను. పక్కింటి పిల్లలు ఆకలితో బడికి పోకుండా ఉండటానికి నా వంతు అది. కానీ కట్టేవాళ్లు నా బస్సు ఏది, మా అమ్మాయి బడిలో ఆ సహాయకురాలు ఏది అని అడిగినప్పుడు వాళ్లకు జవాబు ఇవ్వవలసిన బాధ్యత మాది. ఆ జవాబు ఆదాయపు పన్నులో దొరకదు. కౌన్సిల్ ట్యాక్స్‌లో దొరుకుతుంది.

కౌన్సిల్ ట్యాక్స్ అంటే మన ఇంటి పన్ను లాంటిది. 1993లో మొదలైంది. ఇళ్లను ధరను బట్టి ఎనిమిది తరగతులుగా విడదీసి వసూలు చేస్తారు. ఆ ధర 1991 నాటిది. అప్పటినుంచి ఇప్పటివరకు స్కాట్లాండ్‌లో ఇళ్ల విలువను మళ్లీ లెక్కకట్టలేదు. 1991లో ఎడిన్‌బరాలోని లీత్ ఓడరేవు పక్కనున్న పేద ప్రాంతం. ఇప్పుడు అక్కడ ఇల్లు దొరకడమే కష్టం. అయినా ఆ వీధులు ఏ తరగతిలో ఉండాలో తేల్చేది ముప్ఫై ఏళ్ల కిందటి ధరే. వేల్స్ 2003లో మళ్లీ విలువ కట్టి 2005 నుంచి అమలు చేసింది, కొంత గొడవ జరిగింది, కానీ పని పూర్తయింది. ఇక్కడ 2006లో ఒక సమీక్షా సంఘం ఈ పన్ను తీసేసి ఇంటి విలువలో కొంత శాతం వసూలు చేయమంది. 2015లో మా పార్టీ, లేబర్, గ్రీన్స్, లిబరల్ డెమోక్రాట్లు అందరూ కూర్చున్న సంఘం ప్రస్తుత పద్ధతి ముగియాలని తేల్చింది. ఆ తర్వాత జరిగిందల్లా 2017లో పై నాలుగు తరగతుల వారికి కొంత పెంచడం మాత్రమే.

2007లో మేము 47 స్థానాలతో, లేబర్ కంటే ఒక్క స్థానం ఎక్కువతో, మొదటిసారి అధికారంలోకి వచ్చాం. ఈ పన్ను స్థానంలో స్థానిక ఆదాయపు పన్ను తెస్తామని, అప్పటిదాకా దీన్ని పెంచబోమని వాగ్దానం చేశాం. స్థానిక ఆదాయపు పన్ను రెండేళ్లలోనే పక్కకు పోయింది. పెంచబోమన్న మాట మాత్రం మిగిలింది. 2008-09 నుంచి 2016-17 వరకు తొమ్మిదేళ్లు ఆ పన్ను ఒక్క పెన్నీ కదల్లేదు. ఇందుకు బదులుగా ప్రభుత్వం కౌన్సిళ్లకు కొంత డబ్బు ఇచ్చింది. అయినా తన ఊరికి ఎంత కావాలో తానే నిర్ణయించుకుని, ఆ నిర్ణయానికి ఓటర్ల ముందు నిలబడే హక్కు ఎన్నికైన కౌన్సిళ్లకు తొమ్మిదేళ్లు లేకుండా పోయింది.

ఇది పేదలకు మేలు చేసిందంటారు మా పార్టీలో కొందరు. లెక్క అలా చెప్పదు. బాగా తక్కువ ఆదాయమున్నవారికి ఈ పన్నులో ముందునుంచీ మినహాయింపు ఉంది, కొందరికి పూర్తిగా ఉంది. పన్ను పెరగకపోతే వాళ్లకు మిగిలేది ఏమీ లేదు. పెద్ద ఇంట్లో ఉన్నవారికే ఎక్కువ పౌండ్లు మిగిలాయి. ఆ డబ్బు లేక మూతపడిన ఈత కొలను, తగ్గిన గ్రంథాలయ వేళలు, పిల్లల క్లబ్బు, ఇవన్నీ ఇంట్లో స్థలం లేనివాళ్లు వాడుకునేవి.

2023లో జరిగింది నన్ను ఇంకా బాధపెట్టింది. జూన్ 30న ప్రభుత్వమూ, కౌన్సిళ్ల ఉమ్మడి సంఘం కోస్లా కలిసి వెరిటీ హౌస్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఏ నిర్ణయమైనా స్థానికంగానే జరగాలి, దేశవ్యాప్తంగా ఒకే నిర్ణయం కావాలంటే ఇద్దరూ ఒప్పుకోవాలి అన్నది దాని సారం. నేను ఆ కాగితాన్ని చదివి, ఇన్నాళ్లకు మా పార్టీ తన సొంత సిద్ధాంతాన్ని కింది మెట్టుకు కూడా వర్తింపజేసిందని సంతోషించాను. అక్టోబరు 17న అబర్డీన్‌లో జరిగిన పార్టీ మహాసభలో అప్పటి ఫస్ట్ మినిస్టర్, అంటే స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత, హంజా యూసఫ్ మరుసటి ఏడాది కౌన్సిల్ ట్యాక్స్ పెంచేది లేదని ప్రకటించారు. కౌన్సిళ్లను ముందుగా సంప్రదించలేదు. హాలులో చప్పట్లు మోగాయి. మూడున్నర నెలల కిందటి సంతకం ఎవరికీ గుర్తు రాలేదు. ఇదే పని లండన్ ఎడిన్‌బరాకు చేసి ఉంటే, అంటే మా పార్లమెంటుతో ఒప్పందం చేసుకుని, నాలుగు నెలలైనా గడవకముందే మమ్మల్ని అడగకుండా మా పన్ను రేటును వాళ్ల మహాసభలో ప్రకటించి ఉంటే, మేము వీధుల్లోకి వచ్చి ఉండేవాళ్లం. రావడం న్యాయంగానూ ఉండేది.

అదిమిపెట్టినది ఒక్కసారిగా పైకి వస్తుంది. 2025లో పగ్గాలు వదిలేసరికి ఫాల్కర్క్ కౌన్సిల్ పన్నును 15.6 శాతం పెంచింది. అన్నేళ్లు మెల్లగా పెరగవలసినది ఒక్క వసంతంలో వచ్చి పడింది. కౌన్సిల్ ఖర్చులో ఈ పన్ను వాటా దాదాపు ఐదో వంతు మాత్రమే. మిగతాది ప్రధానంగా ఎడిన్‌బరా ఇచ్చే నిధి. అంటే తన బడ్జెట్ ఒక్క శాతం పెంచుకోవాలన్నా కౌన్సిల్ ఇంటి పన్నును ఐదు శాతం పెంచాలి. పైనుంచి వచ్చే డబ్బులోనూ కొంత షరతులతో వస్తుంది. ఉపాధ్యాయుల సంఖ్య తగ్గకూడదన్నది అలాంటి షరతే. మంచి ఉద్దేశమే. కానీ మొత్తం తగ్గుతున్నప్పుడు ఒక భాగాన్ని ముట్టుకోవద్దంటే కోత మిగతా భాగం మీద రెట్టింపు పడుతుంది. ఆ తల్లి చెప్పిన బడి సహాయకురాలు ఆ మిగతా భాగంలో ఉంది.

ఇప్పుడు ఆసుపత్రుల సంగతి. స్కాట్లాండ్ రాజకీయాల్లో ఇంతకంటే పెద్ద అంశం లేదు, ఇంతగా అపార్థమైనదీ లేదు. అత్యవసర విభాగానికి వచ్చినవారిలో 95 శాతం మందిని నాలుగు గంటల్లోపు చూసి పంపాలన్నది లక్ష్యం. కొన్నేళ్లుగా అది అందడం లేదు, దగ్గర దగ్గర మూడింట ఒక వంతు మంది అంతకంటే ఎక్కువసేపు ఉంటున్నారు. ప్రతిపక్షాలు వైద్యులు చాలరంటాయి, మేము ఎంత మందిని అదనంగా చేర్చామో చెబుతాం. అసలు అడ్డంకి ఆసుపత్రి అవతలి ద్వారం దగ్గర ఉంది. వైద్యం పూర్తయి, ఇంటికి వెళ్లవచ్చని డాక్టరు రాసిచ్చాక కూడా వెళ్లలేక మంచం మీదే ఉన్నవాళ్లు ఈమధ్య కాలంలో ఏ రోజు చూసినా దాదాపు 2,000 మంది. వాళ్లు కదలరు కాబట్టి అత్యవసర విభాగంలో ఉన్నవారికి మంచం దొరకదు. అక్కడ ఖాళీ లేదు కాబట్టి అంబులెన్సులు బయట వరుసగా ఆగుతాయి. అంబులెన్సు అక్కడ ఆగింది కాబట్టి ఇంకెక్కడో ఇంట్లో జారిపడిన మనిషి నేల మీదే ఎదురుచూస్తారు.

వాళ్లెందుకు వెళ్లలేరు? ఇంటికి వచ్చి చూసుకునే మనిషి లేక, లేదా వృద్ధుల సంరక్షణ గృహంలో చోటు లేక. ఒక సాయంత్రం ఒక ముసలావిడ మా జట్టులో ఇద్దరిని లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. భర్తకు తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స చక్కగా జరిగిందని, నర్సులు దేవతల్లాంటివాళ్లని ఆవిడ మళ్లీ మళ్లీ చెప్పారు. ఆయన వారాల కిందటే ఇంటికి రావలసింది. పొద్దున, రాత్రి వచ్చి లేపి పడుకోబెట్టే సంరక్షకులు దొరకలేదు. ఆ మంచం మీదే కండలు కరిగిపోయి, నడక మరిచిపోయి, ఇప్పుడు ఇంటికి కాక సంరక్షణ గృహానికే పంపాలంటున్నారట. వ్యక్తిగత సంరక్షణ ఉచితం అన్న చట్టం ఆయనకు వర్తిస్తుంది. చేయడానికి మనిషి లేనప్పుడు ఆ ఉచితం ఏ పనికొస్తుంది అని ఆవిడ అడిగారు. నాతో వచ్చిన సహచరుడు ప్రభుత్వం ఆరోగ్యానికి ఎంత ఖర్చు పెడుతోందో చెప్పడం మొదలుపెట్టాడు. ఆవిడ వినడం మానేసి టీ కప్పులు తీశారు.

సామాజిక సంరక్షణ కౌన్సిల్ బాధ్యత. ఆసుపత్రి ఆరోగ్య బోర్డు బాధ్యత. రెంటినీ కలపడానికి 2014లో చట్టం చేసి, 2016 నుంచి ఉమ్మడి బోర్డులు పెట్టాం. ఆలోచన సరైనదే. అయితే ఆ బోర్డుకు డబ్బిచ్చే ఇద్దరిలో ఒకరి చేతులు పన్ను స్తంభనతో కట్టేసి, సంరక్షకుల జీతాలు సూపర్‌మార్కెట్ జీతాలతో పోటీ పడలేని స్థితిలో ఉంచి, ఫలితం మాత్రం రావాలనుకున్నాం. ఇంటికి వెళ్లవలసినవారు ఆసుపత్రిలో ఉండిపోవడం ఆ ఏడాదే పూర్తిగా పోగొడతామని 2015లో అప్పటి ఆరోగ్య మంత్రి షోనా రోబిసన్ అన్నారు. పదేళ్లు గడిచాయి. మధ్యలో 2022లో జాతీయ సంరక్షణ సేవ పేరుతో బిల్లు తెచ్చాం. దాని మొదటి రూపంలో కౌన్సిళ్ల చేతిలోని సంరక్షణను ఎడిన్‌బరా మంత్రులకు జవాబుదారీగా ఉండే వ్యవస్థకు మార్చాలన్నారు. కౌన్సిళ్లు, కార్మిక సంఘాలు ఎదురుతిరిగాయి. 2025 జనవరిలో ఆ ప్రధాన భాగాన్ని వదిలేశారు. అప్పటికే దాని తయారీకి కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. డబ్బు లేక తడబడుతున్న సేవకు డబ్బు ఇవ్వడం మాని, దాన్ని పైకి లాక్కోవాలని చూడటం మా పాలనలో మళ్లీ మళ్లీ వచ్చే జబ్బు.

ఇక్కడ లండన్ చేసిన హాని కూడా తక్కువ కాదు. సంరక్షకులుగా పనిచేయడానికి భారతదేశం నుంచి, నైజీరియా నుంచి వచ్చినవారి మీద ఈ వ్యవస్థ నిలబడింది. కేరళవాళ్లు ఎక్కువ, తెలుగువాళ్లూ ఉన్నారు. 2024 మార్చి నుంచి వాళ్లు భార్యను, భర్తను, బిడ్డలను తెచ్చుకోకూడదన్నారు. 2025 జూలై 22న విదేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఏ సంరక్షణ గృహానికి వెళ్లి అడిగినా ఇది ఎంత దెబ్బో చెబుతారు. విశ్వవిద్యాలయాల కథా ఇలాంటిదే. విదేశీ విద్యార్థుల ఫీజుల మీద ఆధారపడిన డండీ విశ్వవిద్యాలయం, ఆ విద్యార్థులు తగ్గిపోవడం ఒక కారణంగా, 2025 మార్చిలో 632 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది. దాని లోపలి నిర్వహణ లోపాలు వేరే ఉన్నాయి. స్కాట్లాండ్ విద్యార్థులకు చదువు ఉచితం కావడం నాకు ఇష్టం. కానీ ఒక్కో విద్యార్థికి ప్రభుత్వం ఇచ్చే డబ్బు చాలక ఆ లోటును గుంటూరులో, వరంగల్‌లో అప్పు చేసి వచ్చిన పిల్లలతో పూడ్చడం, ఆ పిల్లలు రావడం తగ్గితే కుప్పకూలడం, ఇది ఆ విధానం నిలబడే దారి కాదు.

కౌన్సిల్ చేతిలో ఒక సేవ నిజంగా ఉంటే ఏమవుతుందో చూడాలంటే ఎడిన్‌బరా బస్సు ఎక్కాలి. లోథియన్ బస్సుల సంస్థ యజమాని అక్కడి కౌన్సిళ్లే. 1985 చట్టంతో థాచర్ ప్రభుత్వం బస్సులను మార్కెట్‌కు వదిలేసినా, ఎడిన్‌బరా తన సంస్థను అమ్మలేదు. ఇప్పుడది బ్రిటన్‌లో ప్రజల చేతిలో ఉన్న అతిపెద్ద నగర బస్సు సంస్థ. లాభం వస్తే కౌన్సిళ్లకు చేరుతుంది. గ్లాస్గో ప్రాంతంలోని స్ట్రాత్‌క్లైడ్ బస్సులను 1993లో అమ్మేశారు, 1996లో అవి ఫస్ట్‌బస్ చేతికి వెళ్లాయి. రాత్రి పని ముగించుకుని వచ్చే ఆసుపత్రి సిబ్బంది ఏ నగరంలో తేలికగా ఇల్లు చేరుతారో రెండు చోట్లా ఉన్నవాళ్లను అడగండి. 2019లో మా ప్రభుత్వం చేసిన రవాణా చట్టం బస్సులను తిరిగి ప్రజల అదుపులోకి తెచ్చుకునే అవకాశం ఇచ్చింది. గ్లాస్గో ప్రాంత రవాణా సంస్థ ఆ దారిలో 2024లో అడుగు వేసింది. దానికి ఏళ్లు పడతాయి, డబ్బూ కావాలి. 22 ఏళ్లలోపువారికి ప్రయాణం ఉచితం చేయడంతో సరిపెట్టకుండా, వాళ్లు ఎక్కడానికి సాయంత్రం ఏడు దాటాక బస్సు కూడా ఉండేలా చూడటం అంతే ముఖ్యం.

స్కాట్లాండ్‌లో స్థానిక పాలన ఎంత దూరంగా ఉందో మన ఊళ్ల నుంచి వచ్చినవారికి వెంటనే తెలుస్తుంది. ఇక్కడ జనాభా దాదాపు 55 లక్షలు, కౌన్సిళ్లు 32. హైలాండ్ కౌన్సిల్ ఒక్కటే వేల్స్ దేశం కంటే ఎక్కువ విస్తీర్ణంలో ఉంది. 1975 దాకా చిన్న పట్టణాలకు సొంత కౌన్సిళ్లు ఉండేవి. ప్రపంచమంతా తెలిసిన సెయింట్ ఆండ్రూస్‌కి ఇప్పుడు సొంత ఎన్నికైన పాలకవర్గం లేదు, ఫైఫ్ కౌన్సిల్‌లో అదొక భాగం. ఆంధ్రప్రదేశ్‌లో 13 వేలకు పైగా గ్రామ పంచాయతీలు ఉన్నాయి. ఊరికి సర్పంచి ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా మనకు తెలుసు. ఢిల్లీ మాకు న్యాయం చేయడం లేదని రాష్ట్రం అంటుంది. అదే రాష్ట్రం ఆర్థిక సంఘం ఇచ్చిన పంచాయతీల డబ్బును విద్యుత్ బకాయిల కింద మళ్లించిందని సర్పంచులు రోడ్డెక్కారు. లండన్, ఎడిన్‌బరా, గ్లాస్గోల మధ్య జరుగుతున్నదాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఆ సర్పంచుల గొంతే ఎక్కువ సాయపడింది.

2013 ఏప్రిల్ 1న ఎనిమిది పోలీసు దళాలను ఒకటి చేశాం, అగ్నిమాపక దళాలనూ అలాగే చేశాం. కొంత ఆదా అయింది. మీ ప్రాంతంలో పోలీసు స్టేషను ఎందుకు మూశారని అడిగితే సమాధానం చెప్పవలసిన స్థానిక మనిషి లేకుండా పోయాడు. మాదకద్రవ్యాల విషయంలోనూ దశాబ్దం కిందట స్థానిక చికిత్సా కేంద్రాలకు అందే డబ్బులో కోత పడింది. 2020లో ఆ మత్తు వల్ల 1,339 మంది చనిపోయారు. అటు తగినంత దృష్టి పెట్టలేదని అప్పటి ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ 2021లో స్వయంగా ఒప్పుకున్నారు. ఎవరికీ కనబడని చిన్న సేవ మీద కోసిన డబ్బు ఖరీదు చాలా ఏళ్ల తర్వాత బయటపడుతుంది, అప్పటికి దాన్ని ఎవరు కోశారో ఎవరికీ గుర్తుండదు.

కౌన్సిళ్లు పుణ్యాత్ములని నేను అనడం లేదు. గ్లాస్గో కౌన్సిల్ కథ తెలిసినవారెవరూ అనలేరు. 2007లో లేబర్ పాలనలో తెచ్చిన జీతాల పద్ధతి వంట చేసేవారికి, శుభ్రం చేసేవారికి, ఇంటింటికి వెళ్లి వృద్ధులను చూసుకునేవారికి, అంటే ఆడవాళ్లకు, అన్యాయం చేసింది. ఏళ్ల తరబడి కౌన్సిల్ కోర్టుల్లో వాళ్లతోనే పోరాడింది. 2017లో మా పార్టీ కౌన్సిల్‌లోకి వచ్చి పరిష్కరిస్తామంది. అయినా ఆలస్యమైతే 2018 అక్టోబరులో ఎనిమిది వేల మందికి పైగా మహిళలు రెండు రోజులు సమ్మె చేశారు. 2019లో 50 కోట్ల పౌండ్లకు పైగా చెల్లించడానికి ఒప్పందం కుదిరింది. ఆ డబ్బు కోసం కౌన్సిల్ తన భవనాలను అమ్మి తిరిగి అద్దెకు తీసుకోవలసి వచ్చింది. అధికారం దగ్గరగా ఉంటే తప్పులు జరగవని కాదు. ఆ ఆడవాళ్లు నగర నడిబొడ్డున జార్జ్ స్క్వేర్‌లో, తప్పు చేసిన కార్యాలయం మెట్ల ముందే నిలబడగలిగారు. మంత్రివర్గంలో ఎక్కడో కలిసిపోయిన నిర్ణయం ముందు అలా నిలబడలేరు.

ఒక్కో ఊళ్లో ఒక్కో స్థాయి సేవ ఉంటే అది అన్యాయం కాదా అని మా సమావేశాల్లో అడుగుతారు. కనీస ప్రమాణం పార్లమెంటు నిర్ణయించాలి, పేద ప్రాంతానికి ఎక్కువ నిధి ఇవ్వాలి. ఆ పైన ఎంత చేయాలో, దానికి ఎంత పన్ను వేయాలో ఆ ఊరికి వదలాలి. లండన్ మాకు బడ్జెట్ పంపితే చాలదు, పన్ను వేసే అధికారం కూడా కావాలని వాదించి ఆదాయపు పన్ను తెచ్చుకున్నాం. కౌన్సిళ్ల విషయంలోనూ అదే వాదన. 2024లో పర్యాటకుల బస మీద రుసుము వేసుకునే హక్కును కౌన్సిళ్లకు ఇచ్చాం, ఎడిన్‌బరా 5 శాతంగా నిర్ణయించింది. మంచి అడుగు. అంత చిన్న అడుగుకే ఇన్నేళ్లు పట్టింది.

2025 జూన్‌లో స్కాటిష్ పార్లమెంటుకు జరిగిన హామిల్టన్ ఉపఎన్నికలో లేబర్ గెలిచింది, మేము రెండో స్థానంలో నిలిచాం, రిఫార్మ్ పార్టీ 26 శాతం ఓట్లతో మూడో స్థానానికి వచ్చింది. వలసవచ్చినవాళ్లే మీ కష్టాలకు కారణమని చెప్పే పార్టీకి నలుగురిలో ఒకరు ఓటేశారు. వాళ్లందరూ నన్ను ద్వేషిస్తారని నేను అనుకోను. చెత్త తీయడం లేదని, డాక్టరు దొరకడం లేదని, ఇల్లు రావడం లేదని ఎన్నోసార్లు చెప్పి, రెండు ప్రభుత్వాలు ఒకదాన్నొకటి చూపించుకోవడం చూసి విసిగినవాళ్లు ఎందరో అందులో ఉన్నారు. ఈ విసుగుకు మొదట దెబ్బతినేది మనలాంటి రంగు ఉన్నవాళ్లు. కౌన్సిల్ బాగుపడటం మనకు పరాయి విషయం కాదనడానికి నా దగ్గర ఇంతకంటే పెద్ద కారణం లేదు.

నేను మా పార్టీ స్థానిక శాఖలో అడుగుతున్నవి స్పష్టమైనవి. ఇళ్ల విలువ మళ్లీ కట్టాలి, పెరిగినవారికి కొన్నేళ్ల వ్యవధి ఇవ్వాలి, ఇల్లుండి ఆదాయం లేని వృద్ధులు ఇల్లు అమ్మినప్పుడు చెల్లించే వీలుండాలి. పన్ను రేటు కౌన్సిల్‌దే అని, ఎడిన్‌బరా దాన్ని స్తంభింపజేయరాదని చట్టంలో రాయాలి. సంరక్షకుల జీతానికి ఆసుపత్రి నర్సుల జీతంతో సమానంగా బేరం జరగాలి. మొదటిది ఎన్నికల్లో ఓడిస్తుందని మా శాఖలో అనుభవజ్ఞులు చెబుతారు. నేను ఉంటున్న ఇంటి పన్ను కూడా దానివల్ల పెరుగుతుంది, నాకు తెలుసు. అయినా ఆ ముసలావిడ అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పగలిగే కరపత్రం పట్టుకుని ఆ మెట్లు ఎక్కాలని ఉంది. అందుకే ఆ తీర్మానాన్ని శాఖలో మళ్లీ పెడుతున్నాను. గ్లాస్గోలో ఉండే తెలుగువాళ్లు, ఏ పార్టీవారైనా, ఓటరుగా నమోదు కాకపోయి ఉంటే నాకు రాయండి. ఫారం నింపడంలో సాయం చేస్తాను.